సీడీలు సరిగ్గా రిప్ అవ్వట్లేదా? సాఫ్ట్‌వేర్ మార్చేముందు డిస్కు మార్చి చూడండి

మీ కష్టం నాకు అర్థమైనంతవరకు ఇదండీ. 300 పైచిలుకు ఆడియో సీడీలు ఉన్నాయి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ డ్రైవ్ తగిలించి, ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌తో (ఇకనుంచి ఈఏసీ అంటాను) రిప్ చేస్తున్నారు, అంటే పాటల్ని కంప్యూటర్‌లోకి ఎత్తుకుని ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత పోకుండా సైజు తగ్గించే రకం) చేస్తున్నారు. మొదటి పాతిక డిస్కులు సాఫీగా సాగిపోయాయి. ఆ తర్వాత కొన్ని డిస్కులకు గంటలు పడుతోంది, కొన్ని పాటల్లో టక్కుటక్కుమని చప్పుడు వస్తోంది, కొన్నింటికి పేర్లు రాక ‘ట్రాక్01, ట్రాక్02’ అని పడుతోంది, ఒక ఆల్బమ్ అయితే ప్లేయర్‌లో పదకొండు ఆల్బమ్‌లుగా చీలిపోయింది. ఇప్పటికే ఇంకో రెండు సాఫ్ట్‌వేర్లు వేసి తీసేశారు. డబ్బు పెట్టి మంచిది కొనమంటారా అని అడుగుతున్నారు.

కొనకండి. కనీసం ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన నాలుగూ ఒక జబ్బుకు నాలుగు లక్షణాలు కావు, నాలుగు వేర్వేరు చోట్ల పుట్టినవి. డిస్కులో ఒకటి, డ్రైవ్‌లోనో దాని కేబుల్‌లోనో ఒకటి, సెట్టింగుల్లో ఒకటి, పేర్లు పంపే సర్వర్ దగ్గర ఒకటి. అన్నిటికీ తిట్లు తినేది మాత్రం తెర మీద కనపడే సాఫ్ట్‌వేర్ ఒక్కటే. ఎర్రర్ చూపించింది కాబట్టి తప్పు దానిదే అనుకోవడం, ఉత్తరంలో చెడ్డ కబురుందని పోస్ట్‌మ్యాన్‌తో గొడవపడటం లాంటిది.

ముందుగా చేయాల్సింది ఒకటుంది. బాగా రిప్ అయిన ఆ మొదటి పాతికలోంచి ఒక శుభ్రమైన డిస్కు తీసి పక్కన పెట్టుకోండి. దాన్ని నేను ‘సాక్షి డిస్కు’ అంటాను. ఏదైనా తేడా వచ్చినప్పుడల్లా అదే డ్రైవ్‌లో, అదే సెట్టింగులతో సాక్షి డిస్కులోని ఒక పాటను మళ్లీ రిప్ చేయండి. ఈఏసీ ప్రతి పాటకీ లాగ్‌లో (రిప్ ఎలా సాగిందో రాసే నివేదిక) ‘కాపీ సీఆర్‌సీ’ అని, చదివిన డేటాకు గుర్తు లాంటి ఎనిమిది అక్షరాల సంఖ్య రాస్తుంది. పాత లాగ్‌లో ఉన్న సంఖ్యే ఇప్పుడూ వస్తే మీ డ్రైవ్, కేబుల్, సెట్టింగులు అన్నీ నిర్దోషులు, తప్పు ఆ కొత్త డిస్కుదే. సంఖ్య మారిందంటే డిస్కును వదిలేసి డ్రైవ్ వైపు చూడండి. రెండు నిమిషాల పని ఇది. నేను ఈ పని చేయకుండా ఒకసారి వారం రోజులు పోగొట్టుకున్నాను, ఆ కథ కింద చెప్తాను.

ఇక డిస్కుల సంగతి. గంటలు పట్టే డిస్కుల విషయంలో ఈఏసీ పాడవలేదండీ, తన పని తాను చేస్తోంది. సెక్యూర్ మోడ్‌లో అది ప్రతి సెక్టర్‌నీ (డిస్కులోని ఒక చిన్న ముక్క) ఒకటికి రెండుసార్లు చదువుతుంది. రెండుసార్లూ ఒకేలా వస్తే ముందుకెళ్తుంది. తేడా వస్తే అదే చోటును 16 సార్లు చదివి, అందులో 8 సార్లు ఒకే జవాబు వస్తుందేమో చూస్తుంది. రాకపోతే ఇంకో 16 సార్లు. ఎర్రర్ రికవరీ క్వాలిటీని ‘హై’లో పెడితే మొత్తం 82 సార్ల దాకా పోతుంది. రిప్ అయ్యేటప్పుడు కనపడే ఆ చిన్న ఎర్ర డబ్బాలు ఈ తిప్పలే. ఒక్కో డబ్బా వెలుగుతోందంటే ఒక విడత అయిపోయిందని. ఆడియో సీడీలో సెకనుకి 75 సెక్టర్లు. నాలుగు సెకన్ల పాటు గీత పడిందంటే 300 సెక్టర్లు, ఒక్కోటి 82 సార్లు. ఇప్పుడు లెక్క వేసుకోండి, గంటలు ఎందుకు పడుతున్నాయో తెలుస్తుంది.

‘అదే డిస్కు మామూలు సీడీ ప్లేయర్‌లో బ్రహ్మాండంగా పాడుతోంది కదా’ అని మీరు రాశారు. అందరూ ఇక్కడే బోల్తా పడతారు. ఆడియో సీడీ ప్రమాణం, రెడ్ బుక్ అంటారే అది, 1980 నాటిది. ఫిలిప్స్, సోనీ కలిసి పాటలు వినడానికి తయారుచేశారు, కంప్యూటర్‌లోకి ఎత్తుకోవడానికి కాదు. డేటా డిస్కులో ఒక సెక్టర్‌కి ఉండే 2352 బైట్లలో 2048 మాత్రమే సరుకు. మిగతాది ఈ సెక్టర్ ఎక్కడిదో చెప్పే చిరునామా, తప్పులు దిద్దుకునే అదనపు సమాచారం. ఆడియో డిస్కులో ఆ 2352 బైట్లూ పాటే. తప్పులు దిద్దే వ్యవస్థ ఒక అంచె ఉంది గానీ, అది ట్రాక్ వెంబడి దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల గీత వరకే పూర్తిగా సరిచేయగలదు. అంతకు మించితే ప్లేయర్ ఏం చేస్తుందంటే, అటుపక్క ఇటుపక్క శాంపిళ్లు (ధ్వనిని కొలిచిన విలువలు) చూసి మధ్యది ఊహించి నింపేస్తుంది. చిరిగిన చోట అదే రంగు దారంతో రఫూ చేసినట్టు. చెవికి తెలియదు. ప్లేయర్ మీకు చెప్పకుండా ఊహించింది, ఈఏసీ ఊహించకుండా మీకు చెప్తోంది. తేడా అంతే.

కాబట్టి గంటలు పట్టే డిస్కును అలా తిరగనివ్వకండి. పావుగంటలో ఒక పాట కదలకపోతే ఆపేయండి. డ్రైవ్‌కి కూడా అది మంచిది కాదు, లేజర్‌నీ మోటార్‌నీ అదేపనిగా రాపాడించడమే. డిస్కు బయటకు తీసి, దీపం కింద వాలుగా పట్టి చూడండి.

చూసేటప్పుడు గీత ఏ దిక్కున పోతోందన్నదే ముఖ్యం. నడుమ నుంచి అంచుకు అడ్డంగా పోయే గీత చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ, అది ఒక్కో చుట్టునీ ఒక్క క్షణమే కోస్తుంది, సరిదిద్దే వ్యవస్థకు అది లెక్క కాదు. చుట్టూ వంపు తిరిగి, పాట సాగే దారి వెంటే పోయే సన్నగీత అలా కాదు. కంటికి ఆనదు, కానీ వరసగా వందల శాంపిళ్లను మింగేస్తుంది. నా దగ్గర ఒక డిస్కు ఉండేది. ఏడో పాటలో రెండు నిమిషాల పదమూడు సెకన్ల దగ్గర టక్కుమనేది. లాగ్‌లో ‘సస్పీషియస్ పొజిషన్ 0:02:13’ అని ఖచ్చితంగా రాసి ఉండేది. డిస్కు మీద పైనుంచి కిందకి నాలుగు లోతైన గీతలున్నాయి, వాటినే పది రోజులు అనుమానించాను. చివరికి భూతద్దంతో చూస్తే అసలు దొంగ వేరే. గోరు చంద్రుడంత వంపు, వెంట్రుక మందం. అది గీత కూడా కాదు, ఎండిపోయిన జిగురు మరక. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టినప్పుడు దాని అతుకు దగ్గర అంటుకుంది. కడిగాను, పోయింది. మళ్లీ రిప్ చేస్తే ‘ట్రాక్ క్వాలిటీ 100’.

కడగడం అంటే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క, మెత్తటి వేలి కొస. నడుమ నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. కారణం పైనే చెప్పాను, తిప్పి తుడిస్తే గుడ్డలో ఇరుక్కున్న ఒక ఇసుక రేణువు పాట దారి వెంటే గీస్తుంది. నూలుపోగులు రాలని గుడ్డతో ఆరబెట్టండి. టూత్‌పేస్ట్ వైద్యం గురించి అడుగుతారని తెలుసు. పైపైన గీతలకు అప్పుడప్పుడు పనిచేస్తుంది, కానీ అది ఉన్న గీతను మాపడం కాదు, చుట్టుపక్కల ప్లాస్టిక్‌ని అరగదీయడం. వేరే దారి లేనప్పుడు, ఎలాగూ పోయిన డిస్కు మీద చేయండి.

బొమ్మ ఉన్న పైవైపు మాత్రం గట్టిగా రుద్దొద్దు. పాట ఉన్న అల్యూమినియం పొర ఆ బొమ్మకు సరిగ్గా కిందే, పల్చటి లక్క పూత వెనకాల ఉంటుంది. కిందవైపు 1.2 మిల్లీమీటర్ల పాలికార్బొనేట్ కవచం ఉంది, పైవైపు అలాంటిదేమీ లేదు. డిస్కును దీపానికి ఎదురుగా పట్టినప్పుడు సూదిమొన చిల్లుల్లా వెలుతురు కనపడితే అక్కడ పొర రాలిపోయిందని. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ, ఏ పాలిషూ తిరిగి తేలేవు.

అలాంటి డిస్కుకు కూడా ఒక ఆశ ఉంది, చాలామందికి తెలియదు. క్యూటూల్స్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాని డేటాబేస్‌లో ఇతరులు రిప్ చేసిన డిస్కుల తాలూకు సరిదిద్దే సమాచారం కొంత దాచి ఉంటుంది. పాట మొత్తం కాదు, తప్పును పట్టి దిద్దడానికి సరిపడా మాత్రమే. మీ డిస్కు అందులో ఉండి, పాడైన భాగం కొద్దిదే అయితే, మీరు చేసిన ముక్కల రిప్‌ను అది అచ్చం అసలు రూపానికి సరిచేస్తుంది. ఒక షరతు, డిస్కులోని పాటలన్నీ రిప్ చేసి ఉండాలి. ఒక పాట వదిలేస్తే అది మీ డిస్కును పోల్చుకోలేదు. అందుకే చెడ్డ పాట దగ్గర విసుగొచ్చి దాన్ని దాటేయకండి, బర్స్ట్ మోడ్‌లో (మళ్లీ సరిచూడకుండా గబగబా ఒక్కసారి చదివే పద్ధతి) అయినా సరే ఆ ముక్కను తీసి పెట్టుకోండి.

టక్కుటక్కుల విషయానికొద్దాం. ఇక్కడ డిస్కు ఒక్కటే అనుమానితం కాదు. మీ సందేశంలో ఒక వాక్యం నాకు గుచ్చుకుంది: ‘చప్పుడు రోజుకో చోట వస్తోంది.’ అంటే అదే పాటను మళ్లీ రిప్ చేస్తే చప్పుడు వేరే చోటికి మారుతోంది. గీత నడవదు కదండీ! డిస్కు మీద దెబ్బ ఉంటే ప్రతిసారీ అదే సెకను దగ్గర పలుకుతుంది. చోటు మారుతోందంటే అది డ్రైవ్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య వ్యవహారం.

నా వారం రోజుల కథ ఇదే. పల్చటి యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి, దాన్ని ఒక హబ్‌కి తగిలించాను. పాటలు దాచే బయటి హార్డ్ డిస్కును కూడా అదే హబ్‌కి పెట్టాను. ప్రతి ఆల్బమ్‌లోనూ అక్కడక్కడా టక్కులు. సాఫ్ట్‌వేర్ మార్చాను, విండోస్ మళ్లీ వేశాను, డ్రైవ్‌ను ఉతికి ఆరేసినంత పని చేశాను. చివరికి ఒక రాత్రి గమనించాను, హార్డ్ డిస్కు లైటు మిణుకుమన్న ప్రతిసారీ సీడీ డ్రైవ్ శబ్దం ఒక్క క్షణం తగ్గుతోంది. కరెంటు చాలట్లేదు. యూఎస్‌బీ 2 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపులే, దాన్ని ఇద్దరు పంచుకుంటున్నారు. హబ్ తీసేసి డ్రైవ్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టాను, అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. మీరు కూడా ముందు హబ్ పీకేయండి, పొడుగు కేబుల్ ఉంటే పొట్టిది వేయండి, రెండు ప్లగ్గుల కేబుల్ వచ్చి ఉంటే రెండూ గుచ్చండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద కాకుండా చార్జర్ మీద ఉంచండి. ఆ తర్వాత సాక్షి డిస్కు.

డ్రైవ్ నిర్దోషి అని తేలాక కూడా చప్పుడు అదే చోట వస్తుంటే వేగం తగ్గించండి. ఈఏసీలో డ్రైవ్ ఆప్షన్లలో 8ఎక్స్ (మామూలుగా పాడే వేగానికి ఎనిమిది రెట్లు), లేదా 4ఎక్స్. వంకర డిస్కుకు, అంచు దగ్గర దెబ్బతిన్న డిస్కుకు ఇది బాగా పనిచేస్తుంది. సీడీ లోపలినుంచి బయటికి చదవబడుతుంది కాబట్టి చివరి పాటలు అంచున ఉంటాయి. వేలిముద్రలు పడేదీ అక్కడే, వంకర ఎక్కువ కనపడేదీ అక్కడే. చివరి రెండు పాటలే పాడవుతున్నాయంటే నేను మొదట వేలిముద్రలు చూస్తాను, ఆ తర్వాత వేగం. ఒక మాట, వేగం తగ్గిస్తే ప్రతిసారీ బాగుపడుతుందని లేదు. కొన్ని డ్రైవ్‌లు మధ్యస్థ వేగంలోనే బాగా చదువుతాయి. రెండు మూడు వేగాలు మార్చి చూడాల్సిందే. ఇంకో డ్రైవ్ ఎవరి దగ్గరైనా దొరికితే ఆ మొండి డిస్కులన్నీ ఒకచోట చేర్చి దాంట్లో పెట్టండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి సునాయాసంగా చదివేయడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ మీద పెట్టే డబ్బు రెండో డ్రైవ్ మీద పెట్టడమే నయం.

సెట్టింగుల్లో రెండు చూసుకోండి. ‘డ్రైవ్ క్యాషెస్ ఆడియో డేటా’ అన్నది టిక్ చేసి ఉండాలి. చాలా డ్రైవ్‌లు ఒకసారి చదివినదాన్ని తమ జ్ఞాపకంలో ఉంచుకుని, మళ్లీ అడిగితే డిస్కు ముట్టకుండా అదే అప్పజెప్తాయి. అప్పుడు ఈఏసీ రెండుసార్లు చదివాననుకుంటుంది, నిజానికి ఒక్కసారే. తప్పు కూడా రెండుసార్లూ ఒకేలా వస్తుంది మరి. రెండోది సీ2 ఎర్రర్ సమాచారం. ‘ఇక్కడ తప్పు చదివాను’ అని డ్రైవ్ తనంతట తాను ఒప్పుకోవడం అది. నిజాయితీగా ఒప్పుకునే డ్రైవ్‌లు ఉన్నాయి, కప్పిపుచ్చేవీ ఉన్నాయి. మీ డ్రైవ్ ఏ రకమో తెలియకపోతే దాన్ని వాడకండి, కాస్త ఆలస్యమైనా నమ్మకం.

యాక్యురేట్‌రిప్ గురించి మీరు కంగారు పడుతున్నట్టున్నారు. అది వేరేవాళ్లు అదే డిస్కును రిప్ చేసినప్పుడు వచ్చిన చెక్‌సమ్‌లతో (సీఆర్‌సీ లాంటి సరిచూసుకునే సంఖ్యలు) మీదాన్ని పోల్చి చూస్తుంది, అంతే. ‘కాన్ఫిడెన్స్ 12’ అంటే పన్నెండు రిప్‌లతో మీది అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందని. వేర్వేరు డ్రైవ్‌లు, వేర్వేరు డిస్కులు, జవాబు ఒక్కటే అయితే ఇక అనుమానించడానికి ఏముంది? అందుకే నా పద్ధతి మీకు వింతగా అనిపించవచ్చు. శుభ్రంగా ఉన్న డిస్కును నేను ముందు బర్స్ట్ మోడ్‌లోనే గబగబా తీస్తాను. యాక్యురేట్‌రిప్ సరే అంటే దాన్ని పెట్టెలో పెట్టేస్తాను. సరిపోని పాటల్ని మాత్రమే సెక్యూర్ మోడ్‌లో మళ్లీ తీస్తాను. 300 డిస్కులూ సెక్యూర్‌లో నూరుకుంటూ కూర్చోవడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

సరిపోలేదని వచ్చినప్పుడు ఎన్ని పాటలు సరిపోలేదో చూడండి. ఒకటో రెండో అయితే డిస్కు మీద దెబ్బ. డిస్కులోని పాటలన్నీ సరిపోకపోతే, అదీ ప్రతి డిస్కుకూ అలాగే ఉంటే, అది దెబ్బ కాదు, ఆఫ్‌సెట్. ప్రతి మోడల్ డ్రైవూ పాటను కొన్ని శాంపిళ్లు ముందుగానో వెనకగానో మొదలుపెడుతుంది. ఒకదానికి +6, ఇంకోదానికి +667, ఇలా. 667 శాంపిళ్లంటే సెకనులో 15 వేలవంతులు, చెవికి ఏ తేడా ఉండదు, కానీ చెక్‌సమ్ మొత్తం మారిపోతుంది. డ్రైవ్ ఆఫ్‌సెట్ సరిగ్గా పెడితే అన్నీ ఒక్కసారిగా పచ్చగా అవుతాయి. డ్రైవ్ మార్చినప్పుడల్లా ఇది మళ్లీ చూసుకోవాలి, మీ పాతిక డిస్కుల తర్వాత డ్రైవ్ మార్చారా అన్నది మీరు చెప్పలేదు. ‘డేటాబేస్‌లో లేదు’ అని వస్తే అసలు తప్పే కాదు. మీ డిస్కు అరుదైనదని. అలాంటివాటికి ‘టెస్ట్ అండ్ కాపీ’ వాడండి, రెండుసార్లు చదివి రెండు సీఆర్‌సీలు పక్కపక్కన రాస్తుంది. రెండూ ఒకటైతే చాలు.

పేర్లు రాకపోవడం అన్నింటికంటే తేలికైనది. అసలు విషయమేంటంటే మామూలుగా ఆడియో సీడీలో పాటల పేర్లు ఉండవు. సీడీ-టెక్స్ట్ అని ఒకటి ఉంది గానీ అది కొన్ని డిస్కుల్లోనే. పాటలు ఎక్కడెక్కడ మొదలవుతున్నాయో చెప్పే పట్టిక చూసి, దాంతో ఒక గుర్తింపు సంఖ్య లెక్కగట్టి, ఆ సంఖ్యతో సాఫ్ట్‌వేర్ బయటి డేటాబేస్‌ను అడుగుతుంది. ఏళ్ల తరబడి అందరూ అడిగింది ఫ్రీడీబీని. అది 2020లో మూతపడింది. మీరు ఎక్కడో దొరికిన పాత సెట్టింగుల ఫైలు దిగుమతి చేసుకున్నానన్నారు కదా, అందులో ఇంకా ఫ్రీడీబీ చిరునామాయే ఉండి ఉంటుంది. తలుపు మూసిన ఇంటి గంట కొడుతున్నారన్నమాట. మెటాడేటా ఆప్షన్లలోకి వెళ్లి, ఈఏసీతోపాటే వచ్చే క్యూటూల్స్ డీబీ ప్లగిన్ ఎంచుకోండి. అది మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటి ఆన్‌లైన్ డేటాబేస్‌ల నుంచి తెస్తుంది. పాత పద్ధతే కావాలంటే ఫ్రీడీబీ చిరునామా స్థానంలో దాని వారసుడు జీఎన్‌యూడీబీ చిరునామా పెట్టండి.

ఒక్కోసారి పేర్లు వస్తాయి, కానీ సంబంధం లేని ఇంకే ఆల్బమ్‌వో వస్తాయి. దానికీ కారణం ఉంది. ఫ్రీడీబీ తరహా సంఖ్య ఎనిమిది అంకెలదే, అదీ సెకన్ల లెక్కన గట్టినది. రెండు వేర్వేరు డిస్కులకు ఒకే సంఖ్య పడటం అప్పుడప్పుడూ జరుగుతుంది. రిప్ బటన్ నొక్కేముందు మొదటి పాట పేరు అట్ట మీదున్న పేరుతో పోల్చుకోండి, పేర్లు తర్వాత మార్చడం ఒక తలనొప్పి. తెలుగు అక్షరాల్లో ఉన్న పేర్లు ప్రశ్నార్థకాల వరసగా కనపడితే అది పాత రకం ట్యాగ్ (ఫైలు లోపలే పాట వివరాలు రాసుకునే చోటు) వల్ల. ఎంపీ3లో ఐడీ3 మొదటి వెర్షన్ పేరుకు 30 బైట్లే ఇస్తుంది, మన లిపికి అందులో చోటు లేదు. రెండో వెర్షన్ యూనికోడ్‌లో రాయించండి. ఫ్లాక్‌కి ఆ బాధే లేదు, దాని ట్యాగులు పుట్టుకతోనే యూటీఎఫ్-8, అంటే యూనికోడే.

చీలిపోయిన ఆల్బమ్ సంగతి: ఒక్కో పాట ఒక్కో గాయకుడిది కదా, అదే కారణం. ప్లేయర్ ఆల్బమ్ పేరు, గాయకుడి పేరు కలిపి చూసి ‘ఇవి వేరు’ అనుకుంటోంది. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అనే ఇంకో గడి ఉంటుంది. పదకొండు పాటలకూ ఆ గడిలో ఒకే పేరు పెట్టండి, సంగీత దర్శకుడిదైనా ‘వివిధ గాయకులు’ అనైనా. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఒకేసారి ఎంచుకుని రాసేయొచ్చు, అది ఫ్లాక్‌ను కూడా దిద్దుతుంది. మళ్లీ రిప్ చేయక్కర్లేదు. రెండు డిస్కుల సెట్లకు డిస్కు నంబరు కూడా వేయండి, లేకపోతే రెండు ఒకటో పాటలు, రెండు రెండో పాటలు వరసగా పాడతాయి.

‘ఎక్స్‌టర్నల్ కంప్రెసర్ రిటర్న్‌డ్ యాన్ ఎర్రర్’ అని ఒకసారి వచ్చిందన్నారు. అది సీడీకి సంబంధించినదే కాదు. ఈఏసీ పాటను చదివేసింది, ఫ్లాక్ చేసే ప్రోగ్రామ్‌కి అందించబోతే అక్కడ బెడిసింది. కంప్రెషన్ లేకుండా, అంటే సైజు తగ్గించని వేవ్ ఫైలుగా, ఒక పాట తీసి చూడండి. వేవ్ బాగుంటే మీ అనుమానం ఫ్లాక్ ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే సెట్టింగు మీదికి, దానికి ఈఏసీ ఇచ్చే ఆదేశంలో (కమాండ్ లైన్) జారిపోయిన కొటేషన్ గుర్తు మీదికి వెళ్లాలి. ఇంకో మాయదారి కారణం విండోస్ రక్షణ వ్యవస్థలోని ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’. అది ఆన్‌లో ఉంటే తెలియని ప్రోగ్రాములు మ్యూజిక్ ఫోల్డర్‌లో రాయకుండా అడ్డుకుంటుంది. సీ డ్రైవ్‌లో వేరే ఖాళీ ఫోల్డర్ చేసి అందులోకి రిప్ చేసి చూస్తే తేలిపోతుంది. అన్నట్టు, ఫ్లాక్ చేసేటప్పుడు ‘ఐడీ3 ట్యాగ్ చేర్చు’ అన్న టిక్ తీసేయండి. ఫ్లాక్‌కి దాని ట్యాగులు దానికున్నాయి. ఐడీ3ని కూడా తగిలిస్తే కొన్ని ప్లేయర్లు ఆ ఫైలును ముట్టనే ముట్టవు.

మీరు చివర్లో రాసిన వింత, ‘ఒక డిస్కు నుంచి ఎక్స్‌ప్లోరర్‌లో నేరుగా కాపీ చేస్తే రెండు సెకన్లలో అయిపోయింది కానీ ఏదీ పాడట్లేదు’ అన్నది: ఆ ఫైళ్ల సైజు చూడండి, ఒక్కోటి 44 బైట్లు ఉంటుంది. అవి సీడీఏ ఫైళ్లు. పాటలు కావు, పాట డిస్కులో ఎక్కడుందో చెప్పే చీటీలు. విండోస్ మనకు చూపించడానికి అప్పటికప్పుడు తయారుచేస్తుంది. తీసేయండి. అదే ఏదైనా డిస్కులో ఎంపీ3 అనే నిజమైన ఫైళ్లు, మెగాబైట్లలో సైజు, కనిపిస్తే అది డేటా డిస్కు. దానికి రిప్పింగ్ అక్కర్లేదు, మామూలుగా కాపీ చేసుకోవడమే. వాటిని ఫ్లాక్‌గా మార్చకండి, పోయిన వివరం తిరిగి రాదు, సైజు మాత్రం పెరుగుతుంది.

ఫార్మాట్ సరిగ్గానే ఎంచుకున్నారు. ఫ్లాక్‌లో ఇంకో లాభం, ప్రతి ఫైలు లోపలా అసలు ఆడియో తాలూకు ఎండీ5 (ఇదీ ఒక చెక్‌సమే) రాసి ఉంటుంది. ఐదేళ్ల తర్వాత హార్డ్ డిస్కు మీద అనుమానమొస్తే సీడీ బయటకు తీయకుండానే ఫైలు చెడిందో లేదో పరీక్షించుకోవచ్చు. 300 డిస్కులకు డిస్కుకు 350 మెగాబైట్ల లెక్కన వేసుకున్నా 105 గిగాబైట్లు. రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల మీద రెండు కాపీలు పెట్టండి. ఫోన్‌కి కావాలంటే ఫూబార్2000 అనే ప్లేయర్‌తో ఫ్లాక్ నుంచే ఎంపీ3లు చేసుకోండి.

ఇక ఇప్పుడు చేయాల్సిన వరస. హబ్ తీసేయండి, సాక్షి డిస్కులో ఒక పాట తీయండి, సీఆర్‌సీ పోల్చండి. మొండి డిస్కుల్లోంచి ఒక మూడు కడిగి, టెస్ట్ అండ్ కాపీలో 8ఎక్స్ వేగంతో తీయండి. ఆ మూడింటి లాగ్ ఫైళ్లు మొత్తంగా పెట్టండి, ఎర్రర్ ఉన్న వరసలు మాత్రమే కత్తిరించి పెట్టొద్దు. పైన డ్రైవ్ పేరు, ఆఫ్‌సెట్, క్యాష్, సీ2 అని నాలుగు వరసలుంటాయి, నాకు ముందు కావాల్సింది అవే. ‘సస్పీషియస్ పొజిషన్’ రెండుసార్లూ అదే సెకను దగ్గర పడిందా, జరిగిందా అన్నది కూడా రాయండి.